మూత లోపలి పక్క

మెత్తలత్త కుట్టిన మెత్తల మీద పడుకున్నవాళ్ళెవరూ ఇంతవరకూ లేచొచ్చి బాగోలేదని చెప్పలేదు. ముప్పై రెండేళ్ళలో మొట్టమొదటి ఫిర్యాదు ఆ మంగళవారం పొద్దున వచ్చింది, అదీ ఫోన్లో. వదిన ఫోను చెవికి ఆనించుకుని రెండుసార్లు "ఏంటీ?" అంది. మూడోసారికి నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమే మరదలా, నీ దిండు గుచ్చుకుంటోందట."

"ఎవరికి?"

"పెట్టెలో పడుకున్నవాళ్ళకి."

అన్నయ్య చిత్రిక పట్టడం ఆపి తలెత్తాడు. "పడుకున్నవాళ్ళే చేశారా ఫోను?"

"వాళ్ళ మేనేజరమ్మ చేసింది. మెడ దగ్గర గుచ్చుకుంటోందట, తల కదిపితే గరగరమంటోందట. ధ్యానం కుదరడం లేదట."

ఆ కొట్లో శవపేటిక అనే మాట ఎవరూ అనరు. పెట్టె అంటారు, అంతే. చెక్క పని అన్నయ్యది, లోపలి పని చెల్లెలిది. అడుగున స్పాంజి పరిచి, దాని మీద తెల్ల శాటిన్ లాగి బిగించి, చుట్టూ గోడలకి వేలెడేసి కుచ్చులు పెట్టి చిన్న మేకులు కొడుతుంది. తలవైపు ఒక దిండు. అందుకే ఆ వీధిలో పాలు పోసేవాడి దగ్గర్నుంచి పోస్టుమాను వరకూ అందరికీ ఆవిడ మెత్తలత్తే. ఆ దిండులో ఏముంటుందో మాత్రం ఎవరూ అడగలేదు. అన్నయ్య చిత్రిక పడుతుంటే రాలే చెక్క పొట్టు ఉంటుంది. ఊరికే వచ్చేది, కావలసినంత వచ్చేది. ఆ తల కింద దూది ఉందో పొట్టు ఉందో ఆ తలకి తెలియదు కదా మరి.

కొండవాలులో ఉన్న ధ్యానగృహం వాళ్ళు కిందటి నెలలో ఒక పెట్టె చేయించుకున్నారు. బతికున్నవాళ్ళు పడుకోవడానికి అని అన్నయ్య అప్పుడే చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. చేతులేమో అలవాటు ప్రకారం పొట్టే కూరాయి.

ఇప్పుడు ఒక సంచిలో దూది, సూదులపెట్టె, కత్తెర సర్దుకుంది. వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆ ఎత్తు ఎక్కగలవా? నాకివ్వు, నేనెళ్ళి మార్చేసి వస్తాను."

"నీకు సూదిలో దారం ఎక్కించడానికే పూట పడుతుంది. తప్పుకో."

అన్నయ్య చెల్లెలి చేతిలోంచి సంచి తీసుకుని బస్సు దాకా మోసుకొచ్చి, ఆవిడ ఎక్కాక కిటికీలోంచి అందించాడు. రెండు నెలల క్రితం డాక్టరు స్కానింగ్ ఫొటోని వెలుతురుకి పెట్టి చూసి అన్నయ్యతో మాట్లాడబోతే, "పొట్ట నాది. నాకు చెప్పండి బాబూ" అందావిడ. చెప్పాడు. కోసి తీసే గడ్డ కాదన్నాడు, వానలు మొదలయ్యే దాకా అన్నాడు. ఆ రోజు నుంచి అన్నయ్య ఆ సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. బరువులు మోయనివ్వడు, అంతే.

ఆవిడకి నొప్పి మీద పెద్ద పట్టింపు లేదు. భయమే తట్టుకోలేకపోతోంది. తెల్లవారుజామున, కళ్ళు ఇంకా తెరవకముందే, ఎవరో గుండెల మీద చల్లటి పళ్ళెం పెట్టినట్టు వస్తుంది. కదలదు. లేచి దీపం వేసుకుని ఏదో ఒక గుడ్డ చేతిలోకి తీసుకునే దాకా పోదు. సిగ్గుగా ఉండేది కూడా. ఇంతమందిని పడుకోబెట్టి తనేంటి ఇలా వణకడం?

*

ధ్యానగృహం హాల్లో ఒక గోడకి శిలువ, ఎదురు గోడ దగ్గర చిన్న పీట మీద కూర్చున్న బుద్ధుడు. నడుమ రెండు బల్లల మీద వాళ్ళ పెట్టె. మూత గోడకి చేరేసి ఉంది. పదకొండుమంది చాపల మీదా కుర్చీల మీదా చుట్టూ కూర్చున్నారు. చేతిలో ఎప్పుడూ పుస్తకం పట్టుకుని తిరిగే మేనేజరమ్మని లోలోపల అప్పుడే రిజిస్టరమ్మ అనేసుకుంది మెత్తలత్త. రిజిస్టరమ్మ దిండు తీసుకొచ్చి చేతిలో పెట్టి, పక్కగదిలో కూర్చోబెట్టింది. తలుపు సగం తెరిచే ఉంది.

దిండు కుట్లు విప్పి పొట్టు కాగితంలోకి దులుపుతూ ఒక కన్ను అటే వేసింది.

గళ్ళచొక్కా వేసుకున్న ఒకాయన బూట్లు విప్పి, మేజోళ్ళతో పెట్టెలోకి ఎక్కి పడుకున్నాడు. పెద్ద ఫాదర్ వచ్చి ఆయన నుదుటి మీద వేలితో గుర్తు వేసి, పోయేవాళ్ళ దగ్గర చదివే ప్రార్థన మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. ప్రార్థన అయ్యాక కాషాయం కట్టుకున్న బౌద్ధ సన్యాసి, అక్కడ అందరూ భంతే అని పిలిచే ఆయన, చిన్న గంట కొట్టాడు. గంట మోత పూర్తిగా ఆగేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పాడు.

"ఇప్పుడు తీసుకున్న ఊపిరి మీకు అందింది. తర్వాతది అందుతుందని మీకెవరూ మాటివ్వలేదు. అది చూస్తూ ఉండండి."

మెత్తలత్త చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఆ ప్రార్థనలన్నీ ఆవిడకి నోటికి వచ్చు. సుత్తి పట్టుకుని పక్కన నిలబడి ఎన్నిసార్లు వినలేదూ? ఫలానా ముక్క వచ్చిందంటే మూత ఎత్తాలని గుర్తు. తనకోసం ఎవరో చదువుతున్నట్టు మాత్రం ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు వింటే ఒళ్ళంతా చెవులైనట్టయింది. ఇక్కడ నేర్పుతున్నారు. భయపడకుండా ఎలా పడుకోవాలో మనుషులకి కూర్చోబెట్టి నేర్పుతున్నారు. తనకి కావలసింది ఇదే కదా.

గళ్ళచొక్కా ఆయన లేచాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ ఆయన్ని చూసి మెల్లగా తలలూపారు. తర్వాత తెల్లశాలువా ఆవిడ వంతు.

దిండు అప్పగించేటప్పుడు రిజిస్టరమ్మని అడిగింది. "నన్నూ చేర్చుకోండమ్మా. చాపా కుర్చీ అక్కర్లేదు, మూల నిలబడతాను. నా వంతు ఆఖర్న ఇవ్వండి."

రిజిస్టరమ్మ సంతోషించింది. "ఎందుకివ్వం, ఒక ఖాళీ ఉంది" అని కాగితం తీసింది. ఆవిడే చదువుతూ ఆవిడే నింపింది. పేరు, వయసు, ఎవరికి కబురు చెయ్యాలి. ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కూడా అదే గొంతుతో చదివింది. "ప్రాణాంతకమైన జబ్బు ఏదైనా ఉందా?"

"ఉంది. అందుకే అడుగుతున్నాను."

కలం ఆగిపోయింది.

"పొట్టలో గడ్డ" అంది మెత్తలత్త, బట్ట కొలత చెప్పినట్టు. "వానల దాకా అన్నారు."

రిజిస్టరమ్మ కలానికి మూత పెట్టింది. "అయ్యో. అయితే మా నియమాల ప్రకారం కుదరదమ్మా. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి."

"చావడం నేర్పే చోట చచ్చేవాళ్ళు పనికిరారా?"

"అలా అనకండి. మా దగ్గర డాక్టర్లు లేరు. మీకేమైనా అయితే ఎవరిది బాధ్యత? పైగా మిగతావాళ్ళు..." ఆవిడ హాలు వైపు చూసి గొంతు తగ్గించింది. "వాళ్ళు మనసు కుదురు చేసుకోవడానికి దూరాల నుంచి వచ్చారు. పక్కన నిజంగానే... మీరు అర్థం చేసుకోవాలి."

మెత్తలత్త అర్థం చేసుకుంది. సగం నిండిన కాగితం రిజిస్టరమ్మ నాలుగు మడతలు పెట్టి, చింపడానికి మొహమాటపడి, పుస్తకం అడుగున దాచింది.

*

"లేదని చెప్పకపోయావా?" అంది వదిన మర్నాడు టీ గ్లాసు అందిస్తూ. "వాళ్ళేమైనా పొట్ట కోసి చూస్తారా?"

"అడిగింది, చెప్పాను."

"ఆ నోటికి వెయ్యాలి కుట్లు. అక్కర్లేని చోట గుప్పెట విప్పుతావు. అయినా నీకెందుకు ఆ బడి? నువ్వు చూడని చావా?"

"చూడటం వేరు వదినా."

వదిన గభాలున లేచి గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. అక్కడ నీళ్ళ చప్పుడు గ్లాసులు కడిగేదానికంటే చాలాసేపు వచ్చింది. అన్నయ్య పలక మీద పెన్సిలుతో గీత గీస్తున్నాడు. గీసిన గీత మీదే మళ్ళీ గీశాడు.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ ఫోను. ఎవరిదో చేతి గడియారం తగులుకుని కుచ్చులు పరపరా ఊడొచ్చాయట. రేపు వస్తానంది మెత్తలత్త. చెప్పొద్దూ, ఆ గడియారానికి లోపల దండం పెట్టుకుంది.

గురువారం ఆవిడ వెళ్ళేసరికి అందరూ భోజనాలకి పోయారు. హాలు ఖాళీ. పెట్టె అంచున పీట వేసుకుని కూర్చుని, ఊడిన కుచ్చు వేళ్ళతో మడత పెట్టి, ఒక్కో మడతకి ఒక్కో కుట్టు వేస్తోంది. భంతే ఒక్కడే ఉన్నాడు. మోకాళ్ళ నొప్పి కాబోలు, గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకున్నవాడు ఆవిడని చూసి ముడుచుకోబోయాడు.

"ఉండనివ్వండి" అంది. "నాకెవరి కాళ్ళైనా ఒకటే. వేలసార్లు సర్దాను."

ఆయన నవ్వాడు. కాళ్ళు అలాగే ఉంచాడు. కాసేపటికి అడిగాడు.

"మీరు చేరతానన్నారట. ఎందుకు?"

"భయం వేస్తోంది భంతే."

"ఎక్కడ ఉంటుంది అది?"

ఇలా అడిగినవాళ్ళు లేరు. ఆవిడ సూది ఆపి, పక్కటెముకల మీద చెయ్యి వేసుకుని వెతికింది. "ఇక్కడ."

"గడ్డ ఉన్నచోటా?"

"కాదు, దానికి జానెడు పైన. గడ్డ వేడిగా ఉంటుంది. ఇది చల్లగా ఉంటుంది."

"ఇప్పుడుందా?"

చూసుకుంది. "లేదు."

"సూది దిగేటప్పుడు ఊపిరి తీసుకోండి. పైకి వచ్చేటప్పుడు వదలండి. మీకు వేరే ధ్యానం అక్కర్లేదు."

ఆయన మాట తీసెయ్యడం ఎందుకని పది కుట్లు అలాగే వేసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"బాగుంది కానీ భంతే, కుట్టేటప్పుడు నాకెలాగూ భయం వెయ్యదు. సూది కింద పెట్టాకే వేస్తుంది. సూది పట్టుకోలేని రోజు వస్తుంది కదా, దానికి చెప్పండి."

భంతే నిజాయితీ గల మనిషి. తెలిసినట్టు నటించలేదు.

అప్పుడే పెద్ద ఫాదర్ పళ్ళు కుట్టుకుంటూ లోపలికి వచ్చాడు. ఎన్నో సమాధుల దగ్గర పక్కపక్కన నిలబడ్డవాళ్ళు, పాత పరిచయం. "మెత్తలత్తా, విన్నానమ్మా" అని ఆవిడ తల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి వెచ్చగా ఉంది.

"విన్నారు కదా ఫాదర్‌గారూ, మరి పడుకోనివ్వండి. ఒక్కసారి. ఆ ప్రార్థన నాకు చదవండి, చెవుల్లో పడేలాగ. తర్వాత చదువుతారు సరే, అప్పుడు నేను వినను కదా."

ఫాదర్ చెయ్యి తీసేశాడు. "నా చేతిలో ఉంటే ఇప్పుడే చదువుతాను. నియమాలు కమిటీవి." కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "ఒక పని చెయ్యచ్చు. శనివారం ఆఖరి రోజు. నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పు. ఇన్నేళ్ళు ఈ పనిలో ఉన్నావు, ఇప్పుడు నీకే... వాళ్ళకది పెద్ద పాఠం. వక్తగా వస్తే దరఖాస్తు అక్కర్లేదు."

"ఆవిడ అడిగింది పడుకోవడానికి, మాట్లాడటానికి కాదు" అన్నాడు భంతే.

"తెలుసు భంతే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మెత్తలత్త దారం పళ్ళతో తెంపింది. "వస్తాను" అంది. హాల్లోకి అడుగు పెడితే చాలు, తర్వాత సంగతి తర్వాత అనుకుంది.

*

శనివారం ఆవిడకి కుర్చీ వేశారు. దాని మీద ఒక మెత్త కూడా వేశారు. వేసినవాళ్ళకి తట్టలేదు గానీ ఆవిడకి నవ్వొచ్చింది. రిజిస్టరమ్మ లేచి ఈవిడ మన మధ్య ఉండటం మన అదృష్టం అని రెండు నిమిషాలు చెప్పింది. ఏడో ప్రశ్న సంగతి చెప్పలేదు.

మెత్తలత్త కుచ్చులు ఎలా పెడతారో చెప్పింది. పసిపిల్లల పెట్టెకి స్పాంజి పల్చగా కోయాలని, లేకపోతే పిల్ల పైకి తేలినట్టు కనబడుతుందని చెప్పింది. ఎండాకాలంలో మేకులు చెమటచేతికి జారతాయని చెప్పింది. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. వాళ్ళకి కావలసింది ఇంకేదో ఉందని ఆవిడకి తెలుస్తూనే ఉంది.

తెల్లశాలువా ఆవిడ ముందుకి వంగింది. "ఇన్నేళ్ళు మరణాన్ని ఇంత దగ్గరగా చూశారు కదా. ఇప్పుడు మీకు భయం లేదు కదండీ?"

"ఉంది."

"అంటే, మొదట్లో ఉండి ఉంటుంది..."

"ఇవాళ పొద్దున కూడా ఉంది. రేపు పొద్దునా ఉంటుంది."

ఎవరో కుర్చీలో కదిలారు. గళ్ళచొక్కా ఆయన చిన్న నోటుపుస్తకంలో ఏదో రాయబోయి ఆగాడు. తెల్లశాలువా ఆవిడ మొహం చూస్తే, కొనుక్కొచ్చిన పండు కోసేసరికి లోపల కుళ్ళి ఉన్నట్టుంది. జాలి వేసింది మెత్తలత్తకి. పోనీ, వీళ్ళ మొహం చూసి ఒక అబద్ధం చెబుదామా అనుకుంది కూడా. రాలేదు.

"మీరంతా పడుకున్నారు కదా, మీకు పోయిందా భయం?" అని అడిగింది.

"చాలావరకు" అన్నాడు గళ్ళచొక్కా ఆయన. "ఎంతో హాయిగా ఉంది. మెత్తగా."

"మూత వేశారా?"

రిజిస్టరమ్మ చెప్పింది, "మూత వెయ్యం. భద్రత కోసం."

"అయితే మీరు పడుకున్నది మంచం" అంది మెత్తలత్త. వెటకారానికి అనలేదు. పెట్టెకీ మంచానికీ ఆవిడ కొట్లో ఉన్న తేడా అదే. ఆవిడ కుర్చీలోంచి లేచి, చెప్పులు విడిచి, బల్ల అంచు పట్టుకుంది. "నేను పడుకుంటాను. నాకు వెయ్యండి."

రిజిస్టరమ్మ పుస్తకం గుండెలకి అదుముకుంది. "ఫాదర్, మనం ఇది..."

ఫాదర్ నేల చూపులు చూస్తున్నాడు. భంతే మోకాళ్ళ మీద చేతులు ఆన్చి కష్టంగా లేచాడు. వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. అది చూసి ఫాదర్ కూడా లేచాడు. ఇక కమిటీ ఏం చేస్తుంది, ఇద్దరు పెద్దమనుషులు చెరో పక్కా ఉంటే.

పడుకుంది. స్పాంజి బాగానే ఉంది, అంచుల్లో కొంచెం జారుతోంది, అది తన తప్పే. దూది దిండు మెడకి సరిగ్గా కుదిరింది. ఫాదర్ నుదుటి మీద గుర్తు వేశాడు. "మూత వేశాక చదవండి ఫాదర్‌గారూ" అంది. ఆయన తలవైపు, భంతే కాళ్ళవైపు పట్టుకుని మూత ఎత్తారు. బరువు అంచనా తెలియక ఒక పక్కకి ఒరిగించి, సర్దుకుని, దించారు.

చీకటి. అంచున ఒక చోట సన్నటి వెలుతురు దారం. తన ఊపిరి తన మొహం మీదకే వెచ్చగా తిరిగి వచ్చింది. ప్రార్థన కోసం చెవులు రిక్కించింది.

బయట ఏదో గొణుగుడు. బావిలోంచి వచ్చినట్టు, పక్కింట్లో ఎవరో మాట్లాడుకున్నట్టు. ఫాదర్ గొంతేనని తెలుస్తోంది. మాట ఒక్కటీ తెలియడం లేదు. నోటికి వచ్చిన ప్రార్థనే అయినా ఎక్కడి దాకా వచ్చాడో పట్టుకోలేకపోయింది. తర్వాత గంట కొట్టి ఉంటారు. ఏదో చిన్నగా, చెంచా పడినట్టు.

ఓహో, అనుకుంది. అవన్నీ బయటివాళ్ళకన్నమాట.

చేతులు తిన్నగా ఉంచుకోవాలని తెలుసు. ముప్పై రెండేళ్ళుగా తనే అలా పెడుతోంది. అయినా కుడి చెయ్యి పైకి లేచి మూతని తాకింది. కుట్టుపని చేసేవాళ్ళ వేళ్ళు ఊరుకోవు కదా. చెక్క. ఒట్టి చెక్క. గుడ్డ లేదు, స్పాంజి లేదు. చిత్రిక కూడా పట్టలేదు, రంపం గీతలు అలాగే ఉన్నాయి. ఎప్పుడూ పట్టరు. మూత పైపక్క అన్నయ్య అద్దంలా నున్నగా చేస్తాడు, నలుగురూ చూస్తారని. పెట్టె లోపల తను పూలరేకుల్లా కుచ్చులు పెడుతుంది, మూత వేసే దాకా నలుగురూ చూస్తారని. మూత లోపలి పక్క ఎవరూ చూడరు. వేళ్ళు ఇంకా ముందుకి పోయాయి. పేడు ఒకటి గోరు కింద దిగింది. ఇంకొంచెం పైన, సరిగ్గా కళ్ళకి ఎదురుగా, పైనుంచి కొట్టిన మేకు మొన చెక్కని చీల్చుకుని బియ్యపు గింజంత బయటికి వచ్చి ఉంది.

ఆ మొన మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

బడిపంతులమ్మ. కవల పిల్లలు. రైల్వే ఆయన. పక్కవీధి ముసలాయన, తన పెళ్ళినాడు ఆయనే కుర్చీలు సర్దింది. అందరి మొహాల మీదా ఇదే. ఇలాగే. ఒక్కొక్కళ్ళ దిండు ఏ రోజు కుట్టిందో గుర్తుంది, పొట్టు టేకుదో వేపదో గుర్తుంది. మూత లోపలి పక్క మాత్రం ఒక్కదానిదీ గుర్తులేదు, ఎప్పుడూ చూడలేదు గనక. ఒంట్లో వేడి పుట్టింది. సిగ్గో కోపమో. చల్లటి పళ్ళెం కోసం పక్కటెముకల దగ్గర వెతికింది. ఉంది. పోలేదు. కానీ ఈ వేడి పక్కన అది కాస్త చిన్నదిగా కనబడింది.

లోపలి నుంచి మూత మీద మూడుసార్లు కొట్టింది.

తెరిచేసరికి వెలుతురు కళ్ళలో పడింది. పదకొండు మొహాలు వంగి చూస్తున్నాయి. ఫాదర్ నుదుటి మీద చెమట.

"ఏం... ఏం అనిపించింది?" అంది తెల్లశాలువా ఆవిడ గుసగుసగా.

"మేకు" అంది మెత్తలత్త.

తెల్లశాలువా ఆవిడ శిలువ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గళ్ళచొక్కా ఆయన నోటుపుస్తకంలో ఆ మాట రాసి కింద గీత గీశాడు. "మేకంటే పట్టు విడవని మనసు" అని పక్కాయనకి చెప్పాడు, "భంతే నిన్న చెప్పలేదూ?" పక్కాయన తలూపాడు.

"అది మామూలు మేకేనయ్యా" అంది మెత్తలత్త లేచి కూర్చుంటూ. "మూతలోంచి మొన బయటికి వచ్చింది. మా అన్నయ్యకి చెప్పాలి."

అది కూడా రాసుకున్నాడు.

దిగడానికి భంతే చెయ్యిచ్చాడు. గోరు కింద నెత్తురు చూశాడు. ఆవిడ అంది, మెల్లగా, ఆయనకీ ఫాదర్‌కీ మాత్రమే వినబడేలా.

"లోపలికి ఏమీ వినపడదు. మీకు తెలియదేమోనని చెబుతున్నాను. చదివేదేదో మూత వెయ్యకముందే చదవండి. మనిషికి ఇంకా చెవులు ఉన్నప్పుడు."

సంచి తీసుకుని ఆవిడ బస్సుకి నడిచింది. ఎవరూ మోసుకు రాలేదు.

*

సోమవారం పొద్దున చల్లటి పళ్ళెం మామూలుగానే వచ్చింది. మామూలుగానే లేచి దీపం వేసుకుంది. కానీ తెల్లారే దాకా కూర్చోలేదు. కొట్లోకి వెళ్ళి, మధ్యాహ్నానికి ఇవ్వవలసిన పెట్టె మూత తిరగేసి, స్పాంజి ముక్క కోసి ఆనించి చూసింది. అన్నయ్య వచ్చేసరికి శాటిన్ సగం బిగించింది.

"ఏంటిది?"

"కనబడటం లేదూ?"

"మూతకెందుకే? వాళ్ళు అడగలేదు. ఎవరు చూస్తారు దాన్ని?"

"పడుకుని చూడు."

ఆవిడ మేకు నోట్లోంచి తీసి శాటిన్ మడత మీద పెట్టి కొట్టింది. "నీ మేకు మొనలు కూడా మడవాలి. పైనుంచి కొట్టి వదిలేస్తావు. చాలా ఏళ్ళుగా వదిలేస్తున్నావు. నేనూ ఏ రోజూ చూడలేదు."

లోపల ఫోను మోగింది. వదిన మాట్లాడి, మొహం వెలిగిపోతుండగా వచ్చింది.

"మీ ధ్యానం వాళ్ళు. శనివారం నువ్వు చేసింది అందరికీ తెగ నచ్చిందట. ఇకమీద ప్రతి శిబిరంలో మూత కూడా వేస్తారట. మూతకి ఊపిరి ఆడటానికి కన్నాలు పెట్టి, లోపల మెత్తగా శాటిన్ వేసి ఇంకో పెట్టె చేసివ్వమన్నారు. వచ్చేవాళ్ళకి పేళ్ళు గుచ్చుకోకూడదట."

"నన్ను చేర్చుకుంటారటా?"

వదిన మొహం వాడిపోయింది. "అడగలేదే. అడగనా?"

"వద్దు. ఆ పెట్టె మూతకి నేను కుట్టనని చెప్పు."

"అదేం పట్టుదలే? చచ్చినవాళ్ళకి అడక్కుండా కుడుతున్నావు, బతికున్నవాళ్ళు అడిగితే కుట్టవా?"

"వాళ్ళకి గుచ్చుకుంటే లేచి కూర్చోగలరు వదినా. చేతులున్నాయి, ఫోనుంది." ఆవిడ సుత్తి కింద పెట్టింది. "వీళ్ళకి ఎవరున్నారు?"

వదిన అన్నయ్య వైపు చూసింది, నువ్వైనా చెప్పు అన్నట్టు. అన్నయ్య చూపు చెల్లెలి చేతి మీద ఉంది, వేలికి చుట్టిన గుడ్డ మీద. వదిన నిట్టూర్చి, లోపలికి పోయి, ఫోన్లో కుదరదని చెప్పింది. ఎందుకని అడిగినట్టున్నారు. "మా ఆడపడుచుకి ఒంట్లో బాగోలేదండీ" అంది. ఆ మాట ఆ ఇంట్లో పైకి అనడం అదే మొదటిసారి. అనేశాక చాలాసేపు వదిన బయటికి రాలేదు.

మధ్యాహ్నం పెట్టె బండెక్కింది. మూత వేసే ముందు తీసుకెళ్ళడానికి వచ్చినాయన లోపలి శాటిన్ చూసి ఇదేంటి కొత్తగా అన్నాడు. మెత్తలత్త మూత ఒక కొస పట్టుకుంది.

సాయంత్రం వెలుతురు ఉండగానే అన్నయ్య వెనక కొట్టంలోకి వెళ్ళాడు. అక్కడ ఆయన ఎవరికీ అమ్మని టేకు పలకలు నాలుగు ఉన్నాయి. ఒకటి భుజాన వేసుకు వచ్చి బల్ల మీద పెట్టాడు. టేపు తియ్యలేదు, ఆవిడ వైపు చూడనూ లేదు. కంటితోనే అంచనా కట్టి పెన్సిలుతో గీత గీసి రంపం వేశాడు. మామూలు పెట్టె కంటే పలక బాగా పొట్టిగా తెగింది. ఆ ఇంట్లో అంత పొట్టి మనిషి ఒక్కతే.

చేతిలో ఉన్న శాటిన్ ముక్క ఒళ్ళో పెట్టుకుని ఆవిడ చూస్తూ ఉండిపోయింది. పక్కటెముకల దగ్గర పళ్ళెం వచ్చి కూర్చుంది, సాయంత్రం పూట రానిది. ఇదెవరికి అని అడగలేదు. అన్నయ్య పలకని తిరగేశాడు. చిత్రిక లోపలి పక్క మొదలుపెట్టాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా నేల మీద పడుతోంది. కళ్ళజోడు మీద నీరు పట్టినా తుడుచుకోకుండా పట్టాడు. చాలాసేపటికి ఆపి, అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరాడు.

"చెల్లాయ్, చెయ్యి పెట్టి చూడు."

ఆవిడ లేచి వెళ్ళి, గుడ్డ చుట్టని వేళ్ళతో చెక్క మీద నెమ్మదిగా రాసింది. కళ్ళు మూసుకుంది. తలవైపు, నుదురు వచ్చే చోట, వేళ్ళు ఆగాయి.

"ఇక్కడ ఇంకా గరుకుగా ఉంది" అంది.

ఆయన మళ్ళీ చిత్రిక అందుకున్నాడు.